ముందు ఒడ్డు వెతకండి, సముద్రం తరవాత

చితాభస్మాన్ని సముద్రంలో కలుపుదాం అని ఇంట్లో ఒకరు అనగానే అందరి ఆలోచనా నేరుగా నీళ్ల మీదికే పోతుంది. ఎంత దూరం వెళ్లాలి, ఎంత లోతుండాలి, పొద్దున్నా సాయంత్రమా, పడవ ఎంతమందిని ఎక్కించుకుంటుంది? అడగాల్సినవే, కాదనను. కానీ ఇవన్నీ ఒక్క పూటకి సంబంధించిన ప్రశ్నలు. పడవ వెనక్కి తిరిగాక పదేళ్లుంటాయి, ఇరవయ్యేళ్లుంటాయి. పోయినవాళ్ల పుట్టినరోజు నాడు మనసు పీకితే ఎటు వెళ్తారు? తాతయ్య ఎక్కడున్నాడని పిల్ల అడిగితే ఏ వైపు వేలు చూపిస్తారు? దీనికి జవాబు దొరికాకే పడవ మాట్లాడుకోవాలంటాను. సముద్రంలో చోటు ఎంచుకోవడమంటే నా లెక్కలో ఒడ్డు ఎంచుకోవడమే. ఒడ్డు కుదిరితే నీళ్లలో చోటు దాని వెంట తనే వస్తుంది.

"సముద్రమంతా ఒకటే కదా, ఎక్కడ కలిపితేనేం" అనేవాళ్లుంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఎంతో ముందు తేల్చుకుందాం.

దహనయంత్రంలో సుమారు 760 నుంచి 980 డిగ్రీల సెల్సియస్ వేడికి తట్టుకుని మిగిలేది ఎముకల్లోని ఖనిజం. అందులో ఎక్కువ భాగం కాల్షియం ఫాస్ఫేట్. అయస్కాంతంతో లోహపు ముక్కలు ఏరేసి, మిగిలినదాన్ని మరలో నూరి ఇస్తారు. అలవాటుగా బూడిద అంటాం గానీ ఇది కట్టెల బూడిదలా తేలికగా ఉండదు. ముతక ఇసుకా, రవ్వా, పిండీ కలిపినట్టుంటుంది. పెద్దవాళ్లదైతే సుమారు 2 నుంచి 3 కిలోలు తూగుతుంది, 3 లీటర్ల పైచిలుకు డబ్బా పడుతుంది. (మంట లేకుండా క్షారజలంతో చేసే పద్ధతిలో వచ్చే పొడి ఇంకా తెల్లగా, మెత్తగా, పరిమాణంలో కొంచెం ఎక్కువగా ఉంటుంది. డబ్బా కొనేముందు ఈ సంగతి చూసుకోవాలి.) చితి మీద కాలిస్తే మాత్రం అస్థికలు ముక్కలుగానే దొరుకుతాయి. వాటిని సముద్రంలో కలపాలంటే ముందు మెత్తగా నూరించుకోవడం మేలు. నూరని ఎముక ఒడ్డుకి కొట్టుకొచ్చిందంటే, దాన్ని చూసినవాళ్లు పోలీసులకి ఫోన్ చేస్తారు.

ఇప్పుడు ఈ పొడి నీళ్లలో పడ్డాక ఏమవుతుందో చూడండి. 30 మీటర్ల లోతున్న చోట, నీరు గంటకి అర నాటికల్ మైలు వేగంతో, అంటే సెకనుకి పాతిక సెంటీమీటర్ల చొప్పున సాగుతోందనుకుందాం. ఒక మిల్లీమీటరుండే ముతక పలుకు సెకనుకి దాదాపు 10 సెంటీమీటర్లు దిగుతుంది. ఐదు నిమిషాల్లో అడుగు చేరుతుంది, ఈలోగా 75 మీటర్లు పక్కకి జరుగుతుంది. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుండే మెత్తటి నలుసు దిగే వేగం సెకనుకి 2 మిల్లీమీటర్లే. దానికి నాలుగు గంటలు పడుతుంది, ఆలోపు మూడున్నర కిలోమీటర్లు పోతుంది. అంతకన్నా సన్నటి పిండికి అడుగు తాకడానికి మూడు నాలుగు రోజులు కావాలి. ఈలోపు ఆటుపోట్లు ఎన్నిసార్లు తిరగబడతాయో, అది ఎటు ఎటు ఊగుతుందో ఎవరూ చెప్పలేరు. ఇవి చేతిలెక్కలే. పలుకు ఆకారాన్ని బట్టి, నీటి కుదుపుని బట్టి మారతాయి. అయినా తేడా ఎంతుందో తెలుస్తుంది కదా: ఒకే గుప్పిట్లోంచి పడిన పొడిలో కొంత పడవ కిందే ఉండిపోతుంది, కొంత అదే సాయంత్రానికి ఊరు దాటిపోతుంది.

అందుకని మనిషి నీళ్లలో ఫలానా బిందువు దగ్గరే ఉన్నాడనడం కుదరదు. "ఎక్కడైనా ఒకటే" అనేవాళ్ల సగం నిజం ఇదే. కానీ వాళ్లు అక్కడే ఆగిపోతారు. నీళ్లలో చోటు నిలవదు కాబట్టే నిలిచే చోటు ఒకటి కావాలి, అది నేల మీదే దొరుకుతుంది.

ఒడ్డు చూసుకునేటప్పుడు జనం మరిచిపోయే విషయం భూమి గుండ్రంగా ఉండటం. అమెరికాలో పర్యావరణ సంస్థ నియమం ప్రకారం చితాభస్మాన్ని నేల నుంచి కనీసం 3 నాటికల్ మైళ్ల అవతల కలపాలి. అంటే సుమారు 5.6 కిలోమీటర్లు. తడి ఇసుకలో నిలబడ్డ మనిషి కంటి ఎత్తు 1.7 మీటర్లనుకుంటే అతనికి నీరూ ఆకాశమూ కలిసే గీత 4.7 కిలోమీటర్ల దగ్గరే వస్తుంది. మీరు కలిపిన చోటు ఆ గీతకి అవతల, దాదాపు కిలోమీటరు వెనక దాగి ఉంటుంది. ఏటా వచ్చి కళ్లు చికిలించి చూసినా ఆ నీళ్లు కనపడవు. అదే కన్ను 2.5 మీటర్ల ఎత్తుకి వెళ్తే ఆ నీళ్లు గీత మీదికొస్తాయి. 10 మీటర్ల దిబ్బెక్కితే 11 కిలోమీటర్ల దాకా, 30 మీటర్ల కొండకొమ్ము నుంచి దాదాపు 20 కిలోమీటర్ల దాకా చూపు ఆనుతుంది. లెక్క తేలికే: ఎత్తుని మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. ఇసుకతిన్నె కన్నా ఏ కాస్త ఎత్తున్న చోటైనా నయమనేది ఇందుకే.

కార్ల్ మార్క్స్ సహచరుడు ఫ్రెడరిక్ ఎంగెల్స్ తన చితాభస్మం సముద్రంలో కలపమని చెప్పి పోయాడు. 1895 ఆగస్టు 27న ఆయన మిత్రులు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఈస్ట్‌బోర్న్ నుంచి చిన్న పడవలో వెళ్లి, బీచీ హెడ్ కొండ ఎదుట నీళ్లలో వదిలారు. ఈస్ట్‌బోర్న్ ఆయన సెలవులకి ఇష్టంగా వెళ్లిన ఊరు. సమాధి లేదు, రాయి లేదు. కానీ బీచీ హెడ్ ఎత్తు 162 మీటర్లు. దాని మీద నిలబడితే 45 కిలోమీటర్ల సముద్రం కళ్లముందుంటుంది, ఆ పడవ వెళ్లిన నీళ్లు అందులోనే ఎక్కడో ఉన్నాయి. మనిషికి ఇష్టమైన ఊరు, పక్కనే పేరున్న కొండ. ఎదుట నీళ్లలో ఏ బిందువన్నది ఎవరికీ పట్టదు. నేను చెప్తున్న క్రమం ఇదే.

ఒడ్డుకి కావాల్సిన లక్షణాల్లో ఎత్తు ఒకటి. రెండోది, ఇంట్లో అందరికన్నా మోకాళ్లు బలహీనంగా ఉన్నవాళ్లు అక్కడికి చేరగలగాలి. నిర్ణయం వాళ్ల చేతిలో పెట్టండి, సగం చోట్లు వాటంతటవే కొట్టుకుపోతాయి. ఇక ఎవరి సొంత స్థలమో కాకుండా చూసుకోండి. ఈరోజు దారి ఇచ్చిన యజమాని రేపు గేటు పెట్టొచ్చు. లైట్‌హౌసు, పాత రేవు గోడ, జనం నడిచే కొండదారి లాంటివి నిలుస్తాయి. కోతకి గురయ్యే తీరం వద్దు. బండరాళ్లున్న ఒడ్డు అందుకు నయం. పోటు వచ్చినప్పుడు దారి మునిగిపోయే చోటైతే, వెళ్లిన రోజల్లా గడియారం చూసుకుంటూ కూర్చోవాలి. దిక్కు కూడా ఆలోచించండి. తూర్పు ముఖంగా ఉన్న ఒడ్డున సాయంత్రం వెలుగు మీ వెనకనుంచి పడి నీళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. పడమటి ముఖమైతే అదే సాయంత్రం ఎండ కళ్లలో పొడుస్తుంది, నీళ్ల మీద మెరుపు తప్ప ఏదీ కనిపించదు. మీరు ఏ వేళలో వెళ్తారో మీకే తెలుసు.

ఒడ్డు కుదిరాక అక్కడ నిలబడి ఎదురుగా ఒక గీత గీయండి. ఆ గీత మీద కలపకూడని చోట్లని తీసేయడమే మిగిలిన పని. నౌకాపటం చూస్తే సగం తెలిసిపోతుంది. దాని మీది అంకెలు లోతులు, మీటర్లలో ఉన్నాయా ఫేదమ్‌లలో ఉన్నాయా అన్నది పటం అంచున రాసి ఉంటుంది; ఒక ఫేదమ్ అంటే 1.83 మీటర్లు. ఓడరేవు కాలువని వదిలేయండి, అక్కడ అడుగు మట్టిని ఎప్పటికప్పుడు తవ్వి ఎక్కడో పోస్తారు. ఓడలు నడిచే దారి వద్దు, పడవ ఆపి నిలబడటానికే వీల్లేదు. చేపల పెంపకపు వలలు, ఈతకొట్టే చోట్లు, ఉప్పునీటిని మంచినీరు చేసే కర్మాగారాల నీటి గొట్టాలు ఉన్నవైపు పోకండి. కలశంతో సహా దించాలనుకుంటే అడుగుదాకా లాగే వలలు తిరిగే చోటు అసలు వద్దు. కరగకముందే వలలో పడితే ఆ జాలరికీ కష్టమే, మీకూ కష్టమే. మూసుకున్నట్టుండే అఖాతంలో నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది గానీ, తేలికైన పొడి పోటుతో మళ్లీ తీరానికి చేరే అవకాశం అక్కడే ఎక్కువ. కొండకొమ్ముకి అవతల నీరు బయటికి సాగుతుంది, కాకపోతే కుదుపు ఉంటుంది. రెంటి మధ్యా, కొమ్ము చాటున కాస్త దూరంగా, మంచి చోటు దొరుకుతుంది.

నియమాలు దేశానికో రకం. అమెరికా నియమంలో 3 నాటికల్ మైళ్ల దూరం ఉంది గానీ చితాభస్మానికి లోతు షరతు లేదు. లోతు షరతు దహనం చేయని దేహానికి. కలిపిన 30 రోజుల్లోపు పర్యావరణ సంస్థకి తెలియజేయాలి. ఆ అనుమతి మనుషుల అవశేషాలకే. పెంపుడు కుక్క బూడిద కూడా కలిపి వదులుతామంటే కుదరదు, ఈ సంగతి చాలామందికి పడవెక్కాక తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో సముద్రంలో చితాభస్మం చల్లడానికి లైసెన్సు అక్కర్లేదు, దేహాన్ని సముద్రంలో దించాలంటే కావాలి. సింగపూర్‌లో పులావ్ సెమకావ్ దీవికి దక్షిణంగా సుమారు 2.8 కిలోమీటర్ల దగ్గర ఇందుకోసం చోటు కేటాయించారు. హాంకాంగ్‌లో ప్రభుత్వం కొన్ని చోట్లు నిర్ణయించి ఉచితంగా ఫెర్రీ కూడా నడుపుతుంది. ఇలా చోటు ముందే నిర్ణయమై ఉన్న దేశంలో నా వాదన ఇంకా బలపడుతుంది: నీళ్లలో బిందువు మీ చేతిలో లేదు, ఒడ్డు మాత్రం ఉంది. మీరున్న దేశంలో పర్యావరణ శాఖ, ఓడరేవు అధికారి, తీర రక్షక దళం, ముగ్గురినీ అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. "ఏం ఫరవాలేదండీ, అందరూ చేస్తున్నదే" అని పడవవాడన్న మాట అనుమతి కిందికి రాదు.

ఇక పాత్ర. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, కారణమూ చిన్న లెక్కే. 2.5 కిలోల పొడి 3.3 లీటర్ల పాత్రలో ఉందనుకోండి. అంతే పరిమాణం ఉప్పునీరు దాదాపు 3.4 కిలోలు తూగుతుంది. అంటే మూత బిగించిన తేలిక పాత్ర మునగదు, తేలుతుంది. పలుకులు వేటికవి మునిగేవే, కానీ వాటి సందుల్లోని గాలి పైకి ఎత్తిపడుతుంది. నీరు లోపలికి వెళ్లి ఆ గాలిని తోసేస్తే తప్ప కలశం దిగదు. దహనశాల వాళ్లు పొడిని ప్లాస్టిక్ సంచిలో వేసి కట్టి ఇస్తారు. ఆ సంచిని అలాగే కాగితపు కలశంలో పెట్టి నీళ్లలో వదిలితే కాగితం నాని విడిపోతుంది, సంచి మాత్రం గాలితో ఉబ్బి అలల మీద తేలుతూ పోతుంది. దాన్ని పట్టుకోవడానికి పడవ వెనకాల పరుగెత్తడం ఎవరికీ మరపురాని దృశ్యమే, కానీ కోరుకునేది కాదు.

సంచిలోంచి కలశంలోకి మార్చే పని ముందు రోజు ఇంట్లోనే, ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, కింద కాగితం పరిచి చేయండి. వెడల్పు మూతి గరాటు ఉంటే సుఖం. సంచి మూతికి బిగించిన ప్లాస్టిక్ కట్టు చేత్తో రాదు, కత్తెర కావాలి. పొడిలో చాలాసార్లు నంబరు చెక్కిన చిన్న లోహపు బిళ్ల ఉంటుంది. దహనశాలలో ఎవరిది ఎవరిదో కలిసిపోకుండా పెట్టే గుర్తు అది. దాన్ని తీసి దాచుకోండి. సముద్రంలో వేయాల్సిన అవసరం లేదు, పైగా ఇంట్లో మిగిలే వస్తువు అదొక్కటే కావచ్చు. చేతికి పట్టిన పొడిలో క్షారం ఎక్కువ, కళ్లకి తగిలితే మండుతుంది. మన్ను తట్టుకోలేని ఆ క్షారం సముద్రానికి లెక్క కాదు, అన్ని నీళ్లలో క్షణాల్లో పలచబడిపోతుంది.

కరిగే కలశాల్లో రకాలున్నాయి. గట్టి కాగితపుగుజ్జుతో చేసినవి కొన్ని నిమిషాలు తేలి, నెమ్మదిగా నీరు పీల్చుకుని దిగుతాయి. ఆ కొన్ని నిమిషాలూ అందరూ చూస్తూ ఉండిపోతారు, చాలామందికి నచ్చేది అదే. గాలి ఉంటే మాత్రం కలశం పడవకి దూరంగా కొట్టుకుపోతుంది, పడవని మెల్లగా దాని వెంట నడపాల్సి వస్తుంది. రాతి ఉప్పుతో చెక్కినవి బరువైనవి, వదలగానే దిగిపోయి కొన్ని గంటల్లో కరుగుతాయి. చెమ్మ ఉన్న గదిలో నెల రోజులు ఉంచితే ఇంట్లోనే చెమ్మగిల్లి కారడం మొదలుపెడతాయి కాబట్టి, వాడేదాకా గాలి చొరని సంచిలో చుట్టి ఉంచాలి. ఇసుకా జెలటినూ కలిపి చేసినవి దిగాక రెండు మూడు రోజుల్లో విడిపోతాయి. ఇంట్లో చేసిన అట్టపెట్టె అయితే పైనా కిందా రెండేసి కన్నాలు పెట్టి, అడుగున గుప్పెడు శుభ్రమైన గులకరాళ్లు వేయండి. పెయింటూ, వార్నిషూ, టేపూ వద్దు.

నన్నడిగితే గాలికి చల్లడం కన్నా కలశంతో దించడమే మంచిది. చల్లేటప్పుడు జరిగేదేమిటో దగ్గరగా చూడండి. ముతక పలుకులు జల్లుమని నీళ్లలో పడతాయి. మెత్తటి పిండి మాత్రం గాలిలో లేచి, గాలి ఏ మాత్రం ఎదురుగా ఉన్నా వెనక్కి తిరిగి మొహాల మీద, తడిబట్టల మీద, పడవ చెక్క మీద వాలుతుంది. తడి తగిలితే అంటుకుపోతుంది, తుడిస్తే పూతలా పరుచుకుంటుంది. తండ్రి చితాభస్మాన్ని గుడ్డతో తుడవాల్సి రావడం కన్నా ఘోరం ఏముంటుంది? చల్లితీరాలనుకుంటే చేతిని గాలిలోకి లేపకండి. నీటికి జానెడు ఎత్తులో, గాలి వాలు వైపు (అంటే గాలి వీచి పోయే వైపు), పాత్ర మూతిని మెల్లగా వంచండి. ఒక్కసారి కుమ్మరించకండి.

గాలి వాలు వైపు అని అందరూ చెప్తారు గానీ అందులో ఒక చిక్కుంది. ఇంజను ఆపి వదిలేసిన పడవ గాలికి అడ్డం తిరిగి, గాలి తోసినవైపే జరుగుతుంది. అంటే మీరు వాలు వైపు వేసిన పూలూ పొడీ మీదికే పడవ వస్తుంది. పూలరేకులు పడవ పక్కకి నొక్కుకుపోయి అక్కడే ఉంటాయి. సరంగుకి ఈ పని కొత్తదైతే ముందే చెప్పండి: పడవని గాలికి కొంచెం ఏటవాలుగా పెట్టి, మనిషి నడక కన్నా మెల్లగా ముందుకి నడపాలి. వాలు వైపు వెనక మూల నుంచి మీరు దించాలి. చేతులు నీటి దగ్గరున్నంతసేపూ మర తిరగకూడదు, గేరు తీసేయాలి, పడవ ఉన్న ఊపుతోనే సాగాలి. అయిపోయాక దూరంగా ఒక చుట్టు తిరిగితే పూలు నీళ్ల మీద గుంపుగా కనిపిస్తాయి.

పూలంటే రేకులే. దండకి లోపల ఇనుప తీగ, ప్లాస్టిక్ రిబ్బను, పూలు గుచ్చే పచ్చటి నురుగుముద్ద ఉంటాయి. ఆ నురుగుముద్ద కరగదు, చిన్న చిన్న ప్లాస్టిక్ రవ్వలుగా విడిపోతుంది. అన్నీ తీసేసి రేకులు మాత్రం సంచిలో తీసుకెళ్లండి. పూలు వెళ్లేవైపే ఆయనా వెళ్తున్నాడనుకుని జనం చూస్తూ నిలబడతారు. నిజానికి పూలు పైన గాలితో పోతాయి, పొడి కింద ప్రవాహంతో పోతుంది. ఒక్కోసారి రెండూ ఎదురెదురు దిక్కులకి పోతాయి. ఈ మాట ఆ క్షణంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

వేళ సంగతి. ఎండెక్కాక నేల వేడెక్కి సముద్రపు గాలి మొదలవుతుంది, అందుకని పొద్దున్నే బయల్దేరడం మంచిది. గాలి గంటకి 10 నాటికల్ మైళ్లలోపుంటే హాయి; నీళ్ల మీద తెల్లటి నురగ తలలు విరివిగా కనిపిస్తుంటే వాయిదా వేసుకోండి. మొదటినుంచీ రెండు తేదీలు అనుకుని ఉంటే వాయిదా గొడవ కాదు. పోటుకీ ఆటుకీ మధ్య నీరు కాసేపు నిలబడుతుంది, అప్పుడు దించితే పొడి ఎక్కువ భాగం దగ్గర్లోనే అడుగు చేరుతుంది. ఆరు గంటల ఆటులో మొదటి గంటా ఆఖరి గంటా నెమ్మది, మూడో గంటలో, నాలుగో గంటలో నీటి పరుగు ఎక్కువ. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో ప్రవాహాలు బలంగా ఉంటాయి, అష్టమి దగ్గర మెత్తగా ఉంటాయి. తేదీ మీ చేతిలో ఉంటే అష్టమి ప్రాంతం చూసుకోండి.

పడవ నడుస్తున్నంతసేపూ బాగానే ఉన్నవాళ్లకి ఆగగానే వాంతులవుతాయి. ఆగిన పడవ అలకి అటూ ఇటూ పొర్లుతుంది, కళ్లేమో కలశం మీద వంగి ఉంటాయి. మాత్ర వేసుకునేవాళ్లు ఒడ్డున ఉండగానే, గంట ముందు వేసుకోవాలి. ఆగిన చోట పది పదిహేను నిమిషాలకి మించి కార్యక్రమం పెట్టుకోకండి. చదవాల్సినవీ పాడాల్సినవీ ఉంటే వెళ్లేదారిలో కానివ్వండి. పడవెక్కలేనివాళ్లు మీరెంచుకున్న ఒడ్డు మీదే ఉంటారు, ఫోన్ చేసి "ఇప్పుడు" అని చెప్తే చాలు. మంచి ఒడ్డు చూసుకోవడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి.

పడవే వద్దనుకుని ఒడ్డునుంచే కలిపేవాళ్లుంటారు. ముందు అక్కడి నియమం ఒప్పుకుంటుందో లేదో కనుక్కోవాలి. ఒప్పుకుంటే పోటు పూర్తయి ఆటు మొదలైన అరగంట తరవాత దిగండి. పోటు ఎక్కుతుండగా దిగితే ప్రతి అలా తెచ్చి తడి ఇసుక మీద బూడిదరంగు చార గీసి పోతుంది. నీళ్లు మోకాలు దాటనివ్వకండి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, చేతిలో కలశంతో కళ్లు తుడుచుకుంటున్న మనిషికి అవి కనిపించవు.

విమానంలో తీసుకెళ్లాలంటే లోహపు పాత్ర వద్దు. ఎక్స్‌రేకి లోపలేముందో కనిపించకపోతే వెళ్లనివ్వరు, మూత తెరిచి చూడటానికీ ఒప్పుకోరు. చెక్కదో అట్టదో అయితే ఇబ్బంది ఉండదు. దహన ధ్రువపత్రం చేతిసంచిలోనే పెట్టుకోండి.

కాంక్రీటు దిబ్బల పక్షాన మాట్లాడేవాళ్ల మాట కూడా వినాలి. చితాభస్మాన్ని సిమెంటులో కలిపి అచ్చు పోసి, సముద్రం అడుగున కృత్రిమ పగడపు దిబ్బలా పెట్టే ఏర్పాట్లున్నాయి. మయామీ దగ్గర కీ బిస్కేన్ తీరానికి తూర్పున, సుమారు 12 మీటర్ల లోతులో 2007 నుంచి ఉన్న నెప్ట్యూన్ మెమోరియల్ రీఫ్ అలాంటిదే. అక్కడ నేను చెప్పిన చెదిరిపోయే లెక్క వర్తించదు. చోటు కదలదు, చేపలు చేరతాయి, నీళ్లలో దూకగలిగినవాళ్లు వెళ్లి ముట్టుకోవచ్చు. మంచిదే. కానీ దూకగలిగినవాళ్లెందరు? పేరు చెక్కిన ఫలకం మీద కొన్ని నెలల్లోనే నాచూ నత్తలూ పట్టేస్తాయి. గీకితే జీవాలు పోతాయి, దిబ్బ పెట్టిందే వాటి కోసం. గీకకపోతే పేరు కనపడదు. ఇంట్లో నీటి అడుగున ఈదేవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే ఆ దారి ఆలోచించండి. లేకపోతే ఆ దిబ్బ కూడా మీకు చూపు ఆనే గీతకి అవతలి చోటే, దానికీ ఒడ్డు కావాలి.

అంతా ఒకేసారి కలపాలన్న నియమమూ లేదు. నీళ్లలో కలిపింది వెనక్కి రాదు, దాచి ఉంచినదాని విషయంలో మనసు మార్చుకోవచ్చు. ఇంట్లో ఒక్కరు అయిష్టంగా ఉన్నా, పావుకిలో పక్కన పెట్టి మిగతాది కలపండి. చిన్న గాజు సీసాలో పడుతుంది. ఏడాది తరవాత ఆ మనిషే అదే ఒడ్డుకొచ్చి కలుపుతారో, దాచుకుంటారో వాళ్ల ఇష్టం.

ఆఖరున గుర్తు రాసుకోవడం. అమెరికా నౌకాదళం యుద్ధనౌకల మీంచి ఈ పని చేసినప్పుడు నౌక విధుల్లో ఉంటుంది కాబట్టి మామూలుగా కుటుంబాన్ని ఎక్కించుకోదు. తరవాత కెప్టెన్ నుంచి తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలతో ఉత్తరం వస్తుంది. (నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని 2012 సెప్టెంబర్ 14న ఫిలిప్పీన్ సీ అనే నౌక మీంచి అట్లాంటిక్‌లో సాగనంపినప్పుడు ఆయన భార్య ఆ నౌక మీదే ఉన్నారు.) మీ పడవలో ఆ ఉత్తరం మీరే రాసుకోవాలి. జీపీఎస్ అంకెలు రాసేటప్పుడు అవి డిగ్రీలు, నిమిషాలు, నిమిషపు దశాంశాలా, లేక సెకన్లా అన్నది పక్కనే అక్షరాల్లో రాయండి. అక్షాంశంలో 30.30 నిమిషాలని ఎవరో తరవాత 30 నిమిషాల 30 సెకన్లుగా చదివితే 370 మీటర్ల తేడా వస్తుంది. ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు, మరి.

అంకెలతో పాటు జాలర్లు చేసే పని ఒకటి చేయండి. పడవలోంచి ఒడ్డు వైపు చూసి, ఒకదాని వెనక ఒకటి సరిగ్గా వరుసకొచ్చిన రెండు గుర్తులు పట్టుకోండి: లైట్‌హౌసూ దాని వెనక కొండ నొక్కూ, లేదా నీళ్ల ట్యాంకూ దాని వెనక గుడి గోపురమో చర్చి శిఖరమో. పక్కకి తిరిగి మరో జత పట్టుకోండి. రెండు గీతలూ కలిసే చోటు మీ చోటు. ఫోటో తీసి, ఫోటో మీదే గుర్తులకి చుట్టూ సున్నా చుట్టండి. ఒడ్డుకి వచ్చాక, ముందే ఎంచుకున్న ఎత్తు మీద నిలబడి, దిక్సూచి పెట్టి నీళ్ల వైపు ఎన్ని డిగ్రీలో చూసి అదీ రాయండి. ఫోన్‌లో దిక్సూచి అయస్కాంతపు ఉత్తరం చూపిస్తోందో అసలు ఉత్తరం చూపిస్తోందో సెట్టింగుల్లో ఉంటుంది, ఆ ముక్క కూడా. కాగితం నాలుగు ప్రతులు తీయించి, ఒకటి ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల పేరున కవరులో పెట్టండి.